చదవడానికి మాత్రమే ఉన్న ఫైల్ సిస్టమ్‌పై రాయగలిగే పొరను అమర్చడం ఎలా?

పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లైవ్ లైనక్స్‌లో అసలు సిస్టమ్ అంతా సాధారణంగా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే, చదవడానికి మాత్రమే వీలయ్యే ఫైల్ సిస్టమ్ రూపంలో కుదించి ఉంటుంది. దానిలో ఒక్క అక్షరం కూడా రాయడం సాధ్యం కాదు. అయినా వాడేవారు ఫైళ్లను సృష్టిస్తారు, సెట్టింగులు మారుస్తారు, కొత్త ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేస్తారు. మారని ఆ సిస్టమ్‌పై రాయగలిగే పొరను వేయడం వల్లే ఇది సాధ్యమవుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో (రౌటర్ల కోసం తయారైన లైనక్స్) నడిచే అనేక రౌటర్లలోనూ, ప్రోగ్రాములను విడివిడిగా నడిపే డాకర్ కంటైనర్లలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. లైనక్స్‌లో దీనికి ఎక్కువగా వాడే సాధనం ఓవర్‌లేఎఫ్‌ఎస్. ఇది 2014 డిసెంబరులో విడుదలైన 3.18 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లైనక్స్ కేంద్ర భాగం) లైనక్స్‌లో భాగమైంది. అంతకుముందు యూనియన్‌ఎఫ్‌ఎస్, ఏయూఎఫ్‌ఎస్ ఇలాంటి పనినే చేసినా, అవి ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు.

ఈ ఏర్పాటుకు నాలుగు డైరెక్టరీలు కావాలి. మార్పు చెందని అసలు ఫైళ్లు ఉండేది కింది పొర. మనం చేసే ప్రతి మార్పూ చేరేది పై పొర. ఓవర్‌లేఎఫ్‌ఎస్ తన అంతర్గత అవసరాలకు వాడుకునేది పని డైరెక్టరీ. కింది, పై పొరలు రెండూ కలిసి ఒకటిగా కనిపించే చోటు మౌంట్ పాయింట్ (ఫైల్ సిస్టమ్‌ను ఒక డైరెక్టరీకి జోడించడాన్నే మౌంట్ చేయడం అంటారు). ఒకే పేరుగల ఫైలు రెండు పొరల్లోనూ ఉంటే పై పొరలోనిదే కనిపిస్తుంది. ఒకే పేరుగల డైరెక్టరీలు ఉంటే మాత్రం రెండింటిలోని అంశాలూ కలిసి కనిపిస్తాయి.

1. ముందుగా కెర్నెల్ మద్దతును చూసుకోవాలి. ప్రోక్ డైరెక్టరీలో కెర్నెల్‌కు తెలిసిన ఫైల్ సిస్టమ్‌ల జాబితా ఉంటుంది. అందులో ఓవర్‌లే అన్న పేరు లేకపోతే, రూట్ అధికారంతో మాడ్‌ప్రోబ్ ఆదేశం ద్వారా ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయాలి.

2. తరువాత కింది పొరను సిద్ధం చేయాలి. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ ఉంటే దాన్ని లూప్ పరికరంగా (ఒక ఫైలును డిస్క్‌లా చూపే పద్ధతి) ఒక డైరెక్టరీలో మౌంట్ చేస్తే చాలు. మామూలు డైరెక్టరీని కూడా కింది పొరగా ఇవ్వవచ్చు. ఓవర్‌లేఎఫ్‌ఎస్ దానిలో ఏమీ రాయదు.

3. పై పొర ఎక్కడ ఉండాలన్నది తొందరపడకుండా నిర్ణయించుకోవలసిన విషయం, ఎందుకంటే మీ పని మొత్తం నిలిచేది అక్కడే. టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెడితే మార్పులన్నీ మెమరీలోనే ఉండి, యంత్రం ఆపగానే పోతాయి. ప్రతిసారీ శుభ్రమైన స్థితి నుంచి మొదలవ్వాలనుకునే యంత్రాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. మార్పులు నిలవాలంటే ఎక్స్‌ట్4 వంటి ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్క్ విభాగాన్ని ఎంచుకోవాలి. పై పొర ఉండే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లను (ఫైలుతో పాటు ఉండే అదనపు సమాచారం) భద్రపరచగలగాలి కాబట్టి ఫ్యాట్ విభాగాలు దీనికి పనికిరావు, నెట్‌వర్క్ ద్వారా పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా తగదు. పని డైరెక్టరీ ఖాళీగా ఉండాలి, పై పొర ఉన్న ఫైల్ సిస్టమ్‌లోనే ఉండాలి, కానీ పై పొర లోపల ఉండకూడదు. మౌంట్ విఫలమైనప్పుడు మొదట చూడవలసింది ఈ నియమాలనే.

4. ఇక మౌంట్ చేయాలి. మౌంట్ ఆదేశానికి ఫైల్ సిస్టమ్ రకంగా ఓవర్‌లే అని ఇచ్చి, ఆప్షన్లలో లోయర్‌డిర్, అప్పర్‌డిర్, వర్క్‌డిర్ అనే మూడింటికీ ఆయా డైరెక్టరీల పూర్తి మార్గాలను కామాలతో వేరుచేసి రాసి, చివర మౌంట్ పాయింట్‌ను పేర్కొనాలి. 4.0 కెర్నెల్ నుంచి కింది పొరలు ఒకటి కంటే ఎక్కువ ఉండవచ్చు. వాటిని కోలన్‌లతో వేరుచేయాలి; ఎడమవైపు మొదట రాసినది అన్నింటికంటే పైన ఉంటుంది. అందువల్ల డైరెక్టరీల పేర్లలో కామా, కోలన్ లేకుండా చూసుకోవడం మంచిది.

5. మౌంట్ అయ్యాక, వాడకం మొదలుపెట్టే ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. మౌంట్ పాయింట్‌లో ఒక కొత్త ఫైలు సృష్టిస్తే అది పై పొరలో కనిపిస్తుంది. కింది పొరలో ఉన్న ఒక ఫైలును సవరిస్తే, దాని పూర్తి ప్రతి ముందుగా పై పొరకు చేరి, ఆ ప్రతిలోనే మార్పు జరుగుతుంది. ఒక్క పంక్తి మార్చినా మొత్తం ఫైలు కాపీ అవుతుంది కాబట్టి, అనేక గిగాబైట్ల డేటాబేస్‌నో వర్చువల్ యంత్రపు డిస్క్‌నో కింది పొరలో ఉంచి వాడితే మొదటి రాతకే చాలా సమయం పడుతుంది, పై పొర కూడా త్వరగా నిండుతుంది. అలాంటి ఫైళ్లను ఓవర్‌లే బయట వేరే విభాగంలో పెట్టుకోవాలి.

మూడో పరీక్ష తొలగింపు. కింది పొరలోని ఫైలును మౌంట్ పాయింట్ నుంచి తొలగిస్తే అసలు ఫైలు అలాగే ఉంటుంది. దాన్ని కనిపించకుండా చేయడానికి పై పొరలో అదే పేరుతో, మేజర్, మైనర్ సంఖ్యలు (పరికరాన్ని గుర్తించే సంఖ్యలు) రెండూ 0 గా ఉన్న క్యారెక్టర్ పరికర ఫైలు అనే ప్రత్యేక ఫైలు ఏర్పడుతుంది. దీన్ని వైట్‌అవుట్ అంటారు. పై పొరకు బ్యాకప్ తీసేటప్పుడు ఈ పరికర ఫైళ్లనూ ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లనూ భద్రపరిచే పద్ధతినే, అదీ రూట్ అధికారంతో వాడాలి. లేకపోతే తిరిగి అమర్చినప్పుడు, తొలగించిన ఫైళ్లు మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

ఓవర్‌లే మౌంట్ అయి ఉన్నంతసేపూ కింది పొరను గానీ పై పొరను గానీ నేరుగా మార్చకూడదు. అలా చేస్తే సిస్టమ్ కుప్పకూలదు కానీ, ఏది కనిపిస్తుందో చెప్పలేని స్థితి వస్తుంది. ఒకే కింది పొరను అనేక ఓవర్‌లేలు పంచుకోవచ్చు. డాకర్‌లో ఒకే ఇమేజ్ నుంచి ఎన్నో కంటైనర్లు నడవడం ఇలాగే సాధ్యమవుతోంది. పై పొరనూ పని డైరెక్టరీనీ మాత్రం ఒకే సమయంలో రెండు మౌంట్లకు ఇవ్వరాదు.

6. బూట్ అయిన ప్రతిసారీ ఈ ఏర్పాటు దానంతట అదే జరగాలంటే బూట్‌లో మౌంట్ చేయవలసినవాటి జాబితా అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఇవే ఆప్షన్లతో ఒక పంక్తి చేర్చాలి. కింది పొర, పై పొర ఉన్న విభాగాలు ఓవర్‌లే కంటే ముందే మౌంట్ అయ్యేలా చూడడం అవసరం.

7. అంతా మొదటి స్థితికి తేవాలంటే ఓవర్‌లేను అన్‌మౌంట్ చేసి, పై పొర, పని డైరెక్టరీలలో ఉన్నవాటిని తుడిచివేసి, తిరిగి మౌంట్ చేయాలి. పని డైరెక్టరీలో ఓవర్‌లేఎఫ్‌ఎస్ సృష్టించుకునే ఉపడైరెక్టరీకి ఏ అనుమతులూ ఉండవు కాబట్టి ఈ పనికి రూట్ అధికారం కావాలి. అలా కాక, చేసిన మార్పులనే కొత్త మూలంగా స్థిరపరచుకోవాలనుకుంటే, మౌంట్ పాయింట్‌లో కలిసి కనిపిస్తున్న రూపం నుంచి స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌లను తయారుచేసే ఎంకేస్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఆదేశంతో కొత్త ఇమేజ్ తయారుచేసుకోవచ్చు. ఆ ఇమేజ్‌ను వేరే చోట మౌంట్ చేసి ఫైళ్లన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకునేదాకా పాత ఇమేజ్‌ను, పాత పై పొరను తొలగించవద్దు.