సైకిలు మీద కోనసీమ వెళ్ళి లాడ్జిలో దిగితే: సమస్య – పరిష్కారం

గోదావరి డెల్టాలో సైకిలుకి పగలంతా సుఖమే. కొండలు లేవు, ఎత్తు ఉందంటే అది ఏ వంతెన దగ్గరో. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక వైపు దిగితే ఆత్రేయపురం, రావులపాలెం మీదుగా అమలాపురం దాకా నీళ్ళూ కొబ్బరిచెట్లూ మనతోనే వస్తాయి. చిక్కు మొదలయ్యేది సాయంత్రం, లాడ్జి కౌంటర్ ముందు నిలబడ్డాక. నాకు ఎదురైన చిక్కులు, వాటికి దొరికిన మందులు ఇవి. సగం నా స్వయంకృతాలే.

సమస్య: కౌంటర్ వెనక బోర్డుకి గదుల తాళంచెవులు వేలాడుతున్నాయి, అయినా "రూములు లేవండి" అంటున్నారు.

ఒక్కోసారి నిజంగానే ఉండవు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల, భీష్మ ఏకాదశి తీర్థానికి అంతర్వేది వైపు, మాఘం, శ్రావణం ముహూర్తాలకి ఏ ఊళ్ళో అయినా గదులన్నీ ముందే మాట్లాడేసుకుని ఉంటారు. బోర్డు మీద తాళంచెవి కనిపించినా అది పెళ్ళివారిదే. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడే ఫోన్ చేసి గది ఖాయం చేసుకోండి.

మామూలు రోజుల్లో కారణం వేరు. ఒంటరిగా వచ్చిన మనిషంటే చాలా లాడ్జిల్లో భయం: ఎవరో, ఎందుకొచ్చాడో, రేపు పోలీసులు వచ్చి అడిగితే ఏం చెప్పాలో. దానికి తోడు మోకాళ్ళ దాకా బురద, ముఖానికి గుడ్డ, నెత్తిన హెల్మెట్. సైకిలు బయటే ఆపి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, హెల్మెట్ తీసి, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళండి. ఎక్కడి నుంచి వచ్చారో, రేపు ఎన్నింటికి ఎటు వెళ్తారో వాళ్ళు అడక్కముందే చెప్పేయండి. ఆ తర్వాత, "సైకిలు ఎక్కడ పెట్టుకోమంటారండి?" అని అడగండి. "రూములోకి తెచ్చుకోవచ్చా" అని మొదలుపెడితే "కుదరదండి" అనడం వాళ్ళకి తేలిక. ఎక్కడ పెట్టాలని అడిగితే మాత్రం చోటు వెతకడం మొదలుపెడతారు.

సమస్య: సైకిలు పైకి తేనివ్వడం లేదు.

ఇక్కడి లాడ్జిలు చాలావరకు కింద షాపులు, పైన గదులు. మెట్లు ఇరుకు. మలుపు దగ్గర గోడ మీద చూడండి, నడుమెత్తులో ఒక నల్లటి గీత ఉంటుంది. మీకు ముందు వచ్చినవాడి హ్యాండిల్ కొస అది. కిందే పెట్టమంటే వాదించకండి. మెట్ల కిందో, జనరేటర్ పక్కనో చోటుంటుంది. ఫ్రేమూ చక్రమూ కలిపి దేనికైనా తాళం వేసి లైటు, మీటరు, పంపు తీసుకుపోతే నిద్ర పడుతుంది. పైకి ఒప్పుకుంటే మాత్రం భుజాన వేసుకోండి, దొర్లించకండి. చైన్ మీ వైపు ఉండాలి. ప్యాంటుకి అంటితే మీరే ఉతుక్కుంటారు, గోడకి అంటితే వాళ్ళు సున్నం వేయించుకోవాలి. గదిలో చక్రాల కింద పాత పేపరు పరవండి.

సమస్య: బాత్‌రూమ్‌లో నీళ్ళు పోవడం లేదు.

ఇది నేను చేసిన ఘనకార్యమే. వానలో గట్టు మీద తొక్కి వచ్చాను. టైర్లకీ బ్రేకులకీ నల్లమట్టి ముద్దలు. ఎవరూ చూడకుండా సైకిలుని బాత్‌రూమ్‌లోకి లాగి నాలుగు బకెట్లు కుమ్మరించాను. అయిదో బకెట్‌కి నీళ్ళు చీలమండల దాకా వచ్చేశాయి. రూమ్ బాయ్ వచ్చి జాలీ పైకి తీసి చెయ్యి పెట్టి తోడితే గుప్పెళ్ళకొద్దీ మట్టి, వినాయక చవితికి విగ్రహం చేసుకోవచ్చు. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

కారణం మట్టి స్వభావమే. గోదావరి తెచ్చిన ఒండ్రు పిండిలా సన్నగా ఉంటుంది. వాసన పైకి రాకుండా జాలీ కింద నీళ్ళు నిలిచే గుంట ఒకటి ఉంటుంది కదా, మట్టి అక్కడ చేరి పేరుకుపోతుంది. పైనుంచి ఇంకా నీళ్ళు పోస్తే ఇంకా గట్టిపడుతుంది.

అందుకని తడి మట్టిని లాడ్జి దాకా తేవద్దు. ఊళ్ళోకి వచ్చే ముందు చేతిపంపు దగ్గరో, బైకుల వాటర్ సర్వీసింగ్ షాపులోనో కడిగించుకోండి. జెట్ పైపు మాత్రం చక్రం ఇరుసు మీదికీ, పెడళ్ళ మధ్యకీ కొట్టనివ్వకండి, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. చీకటిపడి అదీ కుదరకపోతే కడగడం మానేసి ఆరనివ్వండి. తెల్లారేసరికి పెళుసుగా మారుతుంది. కొబ్బరి ఈనెతో పొడిస్తే పెచ్చులుగా రాలుతుంది. చైన్ తుడవడానికి కొబ్బరి పీచు చాలు, కోనసీమలో దానికి కరువేముంది.

సమస్య: తువ్వాలు మీద, దుప్పటి మీద నల్లటి మరక.

కుడి పిక్క చూసుకోండి, చైన్ పళ్ళ గుర్తులుంటాయి. స్నానానికి ముందే అక్కడ కాస్త కొబ్బరి నూనె రాసి, మీ పాత గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బు వాడండి. గ్రీజు నూనెకే లొంగుతుంది. లాడ్జి తువ్వాలుతో చైన్ తుడిచేవాళ్ళని నేను చూశాను, వాళ్ళ గురించి మాట్లాడను. మరక పడిందా, మడతపెట్టి దాచకండి. కౌంటర్‌లో చెప్పి డబ్బిచ్చేయండి. మీరు వెళ్ళాక అది బయటపడితే మాట పడేది గది సర్దే మనిషి.

సమస్య: ఫ్యాన్ రెక్కలకి ఆరేసిన బట్టలు ఆరలేదు, పరుపు తడిసింది.

ఉక్క గాలిలో ఆరవు. మీ తువ్వాల్లో చుట్టి గట్టిగా పిండి, వెంట తెచ్చుకున్న నైలాన్ తాడు కిటికీ ఊచలకి కట్టుకోండి.

సమస్య: తెల్లారుజామున బయల్దేరుదామంటే గేటుకి తాళం.

కుర్రాడు కౌంటర్ వెనక చాప మీద పడుకుని ఉంటాడు. రాత్రి ఒంటిగంటకి వచ్చిన పార్టీకి గది చూపించి అప్పుడే నడుం వాల్చి ఉంటాడు. బిల్లు రాత్రే కట్టేసి, ఎన్నింటికి వెళ్తారో చెప్పి, గది తాళంచెవి ఎక్కడ పెట్టాలో అడిగి పడుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు ఎక్కాలన్న తొందరలో వరండాలో సైకిలు దొర్లించుకుపోకండి. వెనక చక్రం టిక్‌టిక్‌మంటూ అన్ని గదులకీ వినిపిస్తుంది. ఆ చక్రం జానెడు పైకెత్తి పట్టుకుంటే చప్పుడుండదు. మెట్ల దాకా అలాగే నడవండి.