మెయింటెనెన్స్ విండో: కాఫ్కా క్లస్టర్ చూసుకునేవాళ్లు ముందే చేసుకోవాల్సిన పనులు

కాఫ్కా అంటే యాప్‌ల మధ్య డేటాను వరసగా అందించే సాఫ్ట్‌వేర్, అది నడిచే సర్వర్ల గుంపే క్లస్టర్. మెయింటెనెన్స్ నోటీసు మెయిల్ రాగానే ముందు టైమ్ చూడండి. చాలావాటిలో యూటీసీయే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. శనివారం 20:30 అంటే కర్నూలులో ఆదివారం తెల్లవారుజాము 2 గంటలు. టైమ్ మనమే ఎంచుకునే వీలుంటే, అందరూ రాత్రే పెడతారు కదా అని పెట్టేయకండి, మీ ట్రాఫిక్ గ్రాఫ్ చూసి పెట్టండి. నేను ఇక్కడ ఇంటి నుంచి చూసుకునే క్లస్టర్‌కు సోలార్ ప్లాంట్ల ఇన్వర్టర్ల డేటా వస్తుంది. పొద్దు గుంకితే మాకు ఖాళీ. మార్కెట్ యార్డులో ఉల్లి తూకాల డేటా అయితే సీజన్‌లో ఆ లెక్కే వేరు.

మెయింటెనెన్స్‌లో బ్రోకర్లను (క్లస్టర్‌లోని సర్వర్లను) ఒకదాని తర్వాత ఒకటి ఆపి, ప్యాచ్ వేసి లేపుతారు. కాబట్టి ఒక బ్రోకర్ లేకపోయినా పని నడవాలి. ప్రతి టాపిక్‌కూ (ఒక రకం డేటా వరసకు) రెప్లికేషన్ ఫ్యాక్టర్ (మొత్తం కాపీలు) 3, మినిమమ్ ఇన్‌సింక్ రెప్లికాలు (రాసేటప్పుడు తాజాగా ఉండాల్సిన కనీస కాపీలు) 2 ఉన్నాయా చూడండి. ఈ రెండోది కూడా 3 పెట్టి అదే సేఫ్టీ అనుకునేవాళ్లున్నారు. అలా ఉంటే ఒక్క బ్రోకర్ పడుకున్నా, యాక్స్ ఆల్‌తో (తాజా కాపీలన్నిటికీ చేరితేనే రాసినట్టు లెక్కేసే సెట్టింగ్) రాసే ప్రొడ్యూసర్లకు, అంటే డేటా పంపే యాప్‌లకు, ఎర్రర్లే. టాపిక్‌కు ఒకే కాపీ ఉంటే, అది ఉన్న బ్రోకర్ లేచేదాకా అందులోని పార్టిషన్లు (టాపిక్ ముక్కలు) అందవు.

బూట్‌స్ట్రాప్ లిస్టులో (యాప్ మొదట కనెక్ట్ అయ్యే బ్రోకర్ల అడ్రసుల్లో) ఒకే అడ్రస్ ఉంచకండి. సరిగ్గా ఆ బ్రోకర్ ఆగినప్పుడు మీ యాప్ రీస్టార్ట్ అయితే కనెక్ట్ కాలేదు. ప్రొడ్యూసర్ డెలివరీ టైమవుట్ (ఒక మెసేజ్ పంపడానికి ప్రయత్నించే మొత్తం గడువు) డిఫాల్ట్‌గా 2 నిమిషాలు. ఎవరైనా దాన్ని కొన్ని సెకన్లకు తగ్గించారేమో కోడ్‌లో వెతకండి, నా లెక్కలో అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది. సీపీయూ కూడా చూడాలి, ఆగిన బ్రోకర్ బరువు మిగతావాటి మీదే పడుతుంది. అమెజాన్ నడిపే కాఫ్కా సర్వీస్ ఎంఎస్‌కే, సీపీయూ వాడకం 60 శాతం దాటనివ్వొద్దంటుంది.

వీలైతే టెస్ట్ క్లస్టర్‌లో ఒక బ్రోకర్‌ను పగలే రీబూట్ చేసి చూడండి. లాగ్‌లో 'నాట్ లీడర్ ఆర్ ఫాలోయర్' అని వరసగా వస్తుంది. లీడర్ (ఆ పార్టిషన్‌కు రాతలు తీసుకునే బ్రోకర్) మారిందని దానర్థం, క్లయింట్ కొత్త లీడర్‌ను వెతుక్కుని మళ్లీ పంపుతుంది. టెన్షన్ అక్కర్లేదు. యాప్ దాకా ఎర్రర్ వస్తేనే సెట్టింగ్ సరిచేయాలి.

ఆ రాత్రి కొత్త కోడ్ వేయకండి, పార్టిషన్లు కదపకండి. చివరి బ్రోకర్ లేచాక అండర్ రెప్లికేటెడ్ పార్టిషన్లు (తాజా కాపీలు తక్కువైనవి) సున్నాకు వచ్చాయా, కన్స్యూమర్ ల్యాగ్ (డేటా చదివే యాప్‌ల వెనకబాటు) దిగుతోందా, లీడర్లు అన్ని బ్రోకర్లకూ సర్దుకున్నాయా చూసి, అప్పుడు గ్రూపులో 'అయిపోయింది' అని పెట్టండి.