ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతకకండి

పూర్వీకుల వివరాలు వెతికేవారు ఇంటిపేరు, కులం కలిస్తే చాలు, బంధువులే అనుకుంటారు. తొందరపడకండి. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. కొండపల్లి నుంచి వలస వెళ్లిన ఎవరైనా, ఒకే కులంలో ఏ చుట్టరికం లేని రెండు కుటుంబాలైనా, కొత్త ఊళ్లో 'కొండపల్లి'వారు కావచ్చు. గోత్రం కూడా కలిసిందా చూడండి. అదీ వేల కుటుంబాలకు ఉమ్మడిదే కాబట్టి, అసలు ఆధారం తాతముత్తాతల పేర్లు, వారి ఊరు.

ఆ పేర్లు తద్దినం పెట్టేవారి నోట్లోనే ఉంటాయి: తండ్రి, తాత, ముత్తాత. ఈసారి తద్దినానికి పక్కన కూర్చుని రాసుకోండి. ఆ తర్వాత అటక మీది ట్రంకుపెట్టె దించండి. మా ఇంట్లో పాత క్రయ దస్తావేజు మొదటి వరుసలోనే 'ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారుడు' అని కనిపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మేము ఎన్నడూ వినని ఊరు అది! తెలంగాణవారైతే 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) తప్పక చూడండి. ఉర్దూ కాగితాల్లో 'వల్ద్' తర్వాత వచ్చేది తండ్రి పేరు.

అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి ఇంటిపేర్లు మాత్రం ఈ రోజే అడగండి. కాగితాల్లో అవి దొరకడం చాలా కష్టం.