గంజాయిలో సిగరెట్ కలిపి తాగే అలవాటు: రెండూ ఎలా మానాలి

గంజాయి మానాలని వచ్చినవాళ్లను నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: "పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటి దమ్ము కొట్టాలనిపిస్తుంది?" అరగంటలోపే అన్నారంటే, ఆ మనిషిని లాగుతున్నది గంజాయికంటే అందులో కలిపిన పొగాకేనేమో అని అనుమానిస్తాను. విశాఖలో డీ-అడిక్షన్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా ముందు కూర్చునే కుర్రాళ్లలో చాలామంది, "నేను సిగరెట్ తాగను మేడమ్, స్టఫ్‌లోకి కొంచెం కలుపుతానంతే" అంటారు. సరే, ఆ కొంచెం లెక్క వేద్దాం అంటాను. ఒక్కోదానికి సగం సిగరెట్ పొడి పోతోంది. రోజుకు ఆరు చుడుతున్నాడు. అంటే రోజుకు మూడు సిగరెట్లు. అదీ మామూలు సిగరెట్ తాగినట్టు కాకుండా లోతుగా పీల్చి, పొగను లోపలే బిగబట్టి. లెక్క చెప్పాక ఎదుటివాడు కాసేపు మాట్లాడడు.

ఈ కలిపి తాగే అలవాటున్నవాళ్లు రెండింటినీ ఎలా వదిలించుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎలా కలపాలో నన్నడగొద్దు.

అసలు ఎందుకు కలుపుతారో ఒప్పుకోకుండా మానడం గురించి మాట్లాడితే ఎవరూ వినరు. కలిపితే సరుకు ఎక్కువ రోజులు వస్తుంది. సమంగా కాలుతుంది. వాసన కొంత మరుగున పడుతుంది. మా ఏజెన్సీలో పండి 'శీలావతి' అని పేరు తెచ్చుకున్న రకం ఘాటుకు తట్టుకోలేనివాళ్లు పలచన చేసుకోవడానికి కలుపుతారు. అన్నిటికంటే పెద్ద కారణం, మొదటిసారి ఇచ్చిన స్నేహితుడు అలాగే ఇచ్చాడు. అమెరికాలో ఎక్కువమంది పొగాకు కలపరు, ఐరోపాలో ఎక్కువమంది కలుపుతారు. ఎవరికి ఏది అలవాటైతే అదే సరైన పద్ధతి అనుకుంటారు.

ఇంకొక ఆకర్షణ ఉంది, దాన్ని చాలామంది గుర్తుపట్టరు. కలిపిన దమ్ము లాగిన కొద్ది క్షణాల్లోనే తల తేలికై, గిర్రున తిరిగినట్టుంటుంది. దాన్ని గంజాయి కిక్కు అనుకుంటారు. అందులో మంచి వాటా పొగాకులోని నికోటిన్‌ది. మాది కందుకూరు వైపు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగాను. మంచుకు తడిసిన పచ్చాకు కోసే కూలీలకు కళ్లు తిరిగి వాంతులయ్యేవి. ఎండ దెబ్బ అనుకునేవాళ్లం. ఆకులోని నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి దిగితే అలా అవుతుందని చదువుకున్నాక తెలిసింది. మొదటిసారి కలిపినది తాగి తెల్లగా పాలిపోయి కింద కూలబడిన కుర్రాడికి జరిగేదాంట్లో కూడా తరచుగా అదే ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఒంట్లో చేరిన నికోటిన్ రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. తగ్గేకొద్దీ చిరాకు, అసహనం, చేతికి ఏదో కావాలన్న తహతహ. సిగరెట్ తాగేవాడైతే దాన్ని సిగరెట్ యావ అని గుర్తుపడతాడు. కలిపి తాగేవాడికి మాత్రం అది గంజాయి కావాలన్న కోరికలాగే అనిపిస్తుంది, ఎందుకంటే అతనికి నికోటిన్ ఎప్పుడూ గంజాయితో కలిసే దొరికింది. అలా రెండు గంటలకోసారి తగ్గే నికోటిన్ రోజుకు ఒకటి తాగేవాణ్ణి ఆరుకు తెస్తుంది. "గంజాయికి అసలు అడిక్షనే ఉండదు" అని వాదించే పెద్దమనుషులు ఈ సంగతి మర్చిపోతారు. గంజాయికీ వ్యసనం ఉంది, అది వేరే మాట.

నష్టాల గురించి పెద్దగా సాగదీయను, కొన్ని మాత్రం చెప్పి తీరాలి. ఏ ఆకు కాల్చినా తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. గంజాయి మొక్కే కదా, మందే కదా అంటే ఊపిరితిత్తులు వినవు. పొగను బిగబట్టడం వల్ల మత్తు పెద్దగా పెరగదు, తారు మాత్రం ఎక్కువ పేరుకుంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు రెండూ కలిసి గుండె వేగాన్ని పెంచడం ప్రమాదం. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బు ఉండి, మీరు ఇరవై ఏళ్లలోపు వారైతే రోజూ గంజాయి తాగడం నిప్పుతో ఆటే. చెవిలో మాటలు వినిపిస్తున్నా, అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారనిపిస్తున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఇవాళే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

"పొగాకు తీసేసి ఉత్తదే తాగితే?" అని తెలివైనవాడు తప్పకుండా అడుగుతాడు. నెదర్లాండ్స్‌లో 2008 జూలై నుంచి గంజాయి అమ్మే కాఫీషాపుల్లో పొగాకు కలిపినది కాల్చకూడదు, ఉత్త గంజాయి కాల్చొచ్చు. చట్టం రెండింటినీ అలా విడదీసింది. ఒంటికి వచ్చేసరికి, ఉత్తది తాగితే నికోటిన్ బంధం తెగుతుంది నిజమే, కానీ ఒక్కో దమ్ముకు గంజాయి మోతాదు పెరుగుతుంది, పొగ పొగే. పైగా నికోటిన్ యావ ఎక్కడికీ పోదు కాబట్టి వారం తిరిగేసరికి చాలామంది జేబులో సిగరెట్ పెట్టె కనిపిస్తుంది. నేనైతే దీన్ని దారి అనను.

ఇక పని. మొదటి వారం ఏమీ మానొద్దు, రాయండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి, తాగిన ప్రతిసారీ టైము, అప్పుడు మనసెలా ఉంది, ఎవరితో ఉన్నారు, అందులో పొగాకు ఎంత అని నాలుగు ముక్కలు రాయండి. విడిగా తాగిన సిగరెట్, బీడీ, నమిలిన గుట్కా కూడా. వారం చివర చూస్తే రెండు రకాలు విడిపోయి కనిపిస్తాయి. గడియారం పెట్టినట్టు రెండు మూడు గంటలకోసారి వచ్చేవి నికోటిన్ పిలుపులు. రాత్రి నిద్రకు ముందు, గొడవ తర్వాత, ఫలానా స్నేహితుడు వచ్చినప్పుడు వచ్చేవి ఎక్కువగా గంజాయివి. మందులు మొదటి రకానికి, మాట అంటే కౌన్సెలింగ్ రెండో రకానికి పనిచేస్తాయి.

ఒకటి ముందు, ఒకటి తర్వాత మానాలా అన్నదానికి నా అభిప్రాయం: పొగాకును ఎక్కువగా గంజాయితోనే తాగేవాళ్లు రెండూ ఒకే రోజు ఆపాలి. గంజాయి ఒక్కటే ఆపితే సిగరెట్లు పెరుగుతాయి, సిగరెట్ నోట్లో ఉన్నంతకాలం 'అది కూడా ఉంటే బాగుండు' అన్న ఆలోచన పోదు. విడిగా రోజుకు పెట్టె సిగరెట్లు తాగేవాళ్లైతే సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టరుతో మాట్లాడాలి. వారెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలు ఉన్నాయి, అవి చీటీ మీదే కొనాలి. ఫిట్స్ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ పడదు. వేప్‌కు మారదామనుకోకండి, 2019 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం నిషేధం.

తేదీ పెట్టుకున్నాక ముందురోజు రాత్రి రోలింగ్ పేపర్లు, క్రషర్, మిగిలిన పొడి, లైటర్ అన్నీ బయటికి పోవాలి. 'దాచి ఉంచితే మనోధైర్యం పరీక్షించుకోవచ్చు' అనే మాట నేను విన్నాను, దానికంటే పిచ్చి మాట వినలేదు. సరుకు ఇచ్చేవాడి నంబర్ తీసేసి, ఆ వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి రండి.

పొగాకు మానడానికి దాని బదులు నమిలే నికోటిన్ గమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొన్నవాళ్లలో సగానికి సగం తప్పుగా నములుతారు. లేచిన అరగంటలోపు దమ్ము కావాలనిపించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత అయితే 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. దీన్ని చూయింగ్ గమ్‌లా చకచకా నమిలితే నికోటిన్ అంతా కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట. మెల్లగా నమలండి, నోట్లో మిరియం ఘాటులాంటిది తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కి పెట్టండి. ఘాటు తగ్గాక మళ్లీ రెండు నముళ్లు, మళ్లీ పక్కన. అరగంట ఇలా నడుస్తుంది. గమ్ పెట్టుకునే పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి, యావ తల మీదికి రాకముందే. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, 18 ఏళ్లలోపు వాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు.

టీ సంగతి ఎవరూ చెప్పరు. పొగ తాగేవాళ్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. పొగ ఆపగానే అదే నాలుగు కప్పుల టీ ఒంట్లో దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం. 'మానేసినందుకే ఇదంతా' అని మళ్లీ వెలిగిస్తారు. ఆ వారం టీ, కాఫీ సగానికి తగ్గించండి. ఇదే కారణంగా మానసిక జబ్బులకు క్లోజపిన్, ఓలాంజపిన్ వాడేవాళ్లు పొగ మానే ముందు తమ డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలి, పొగ ఆగితే ఆ మందుల మోతాదు రక్తంలో పెరిగిపోతుంది.

మొదటి మూడు రోజులు నికోటిన్ పోరు గట్టిగా ఉంటుంది. అది సర్దుకుంటోందనుకునే సమయానికి గంజాయి వంతు: నిద్ర పట్టదు, పట్టినా కలలు సినిమాలా స్పష్టంగా, కొన్నిసార్లు భయంగా వస్తాయి. రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, ఇంట్లోవాళ్ల మీద ఊరికే కోపం. ఎక్కువమందికి రెండు వారాల్లో తగ్గుతాయి, నిద్ర ఒక్కటి ఇంకాస్త సాగొచ్చు. అన్నం దిగకపోతే మజ్జిగ అన్నం, అరటిపండు, ఏది దిగితే అది, కొంచెం కొంచెంగా. నిద్రమాత్రలు స్నేహితుడి దగ్గర తీసుకోవద్దు, మందుకొట్టి పడుకోవద్దు. ఈ రెండు వారాల్లో బీరుతో సర్దుకున్నవాళ్లు తర్వాత బీరు కోసం మా దగ్గరికే వస్తారు.

సాయంత్రాలే అసలు పరీక్ష. బీచ్ రోడ్డులో కూర్చునే బ్యాచ్‌కు "మానేశాను" అని చెబితే ఎగతాళి తప్పదు. "డాక్టర్ మందులు ఇచ్చాడ్రా, కలిస్తే ప్రమాదమట" అని చెప్పండి, ఇంకెవరూ బలవంతం చేయరు. యావ వచ్చినప్పుడు పదిహేను నిమిషాలు నడవండి, లేదా స్నానం చేయండి. ఒకరోజు జారి తాగేస్తే తేదీ మార్చొద్దు, గమ్ ఆపొద్దు, నోట్స్‌లో రాసి మర్నాడు కొనసాగించండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మందుల షాపులో మూత్ర పరీక్ష కిట్ కొని కొడుకును నిలబెట్టేవాళ్లున్నారు. గంజాయి కొవ్వులో పేరుకుంటుంది కాబట్టి, రోజూ తాగినవాడికి మానేసిన కొన్ని వారాల వరకూ పాజిటివ్ రావచ్చు. నిజంగా మానేసిన పిల్లాడిని ఆ ఫలితం చూసి కొడితే, రేపటి నుంచి మానడానికి వాడికి కారణం ఉండదు.

ఆసుపత్రికి వెళ్తే పోలీసులకు చెబుతారన్న భయం ఉంటుంది. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న మోతాదు కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే ఆ నేరాలకు విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. స్నేహితుడికి డబ్బులు తీసుకుని ఇచ్చినవాళ్లకు ఈ రక్షణ వర్తిస్తుందనుకోకండి.

మొదట ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే డీ-అడిక్షన్‌కు 14446, పొగాకు మానడానికి 1800-11-2356, మనసు బాగా కుంగిపోతే టెలీ మానస్ 14416. చేసేటప్పుడు మీరు రాసిన వారం నోట్స్ ముందు పెట్టుకోండి. ఎంతకాలంగా, రోజుకు ఎన్ని, లేచాక ఎంతసేపటికి, ఇంకే మందులు వాడుతున్నారు అని అడుగుతారు. "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే, తాగుతాను అని చెప్పండి.