పాత సైకిల్ కొంటున్నారా? ముందు బారుకు అటూ ఇటూ కాళ్లేసి నిలబడి చూడండి

పాత సైకిల్ చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది రంగు చూస్తారు, బెల్లు కొడతారు, బేరం మొదలుపెడతారు. మీరు మాత్రం ముందు సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై బారుకు అటూ ఇటూ కాళ్లు వేసి, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి నిలబడండి. బారుకూ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు లేకపోతే, ఎంత చౌకగా ఇస్తామన్నా వద్దనండి. టైర్లు, చైను, బ్రేకులు మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు మాత్రం మారదు. సీటు దించుకుంటే సరిపోతుందంటారు గానీ, సీటు దిగినంత మాత్రాన బారు దిగదుగా!

తర్వాత సీటు ఎత్తు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. మామూలుగా తొక్కేలా ముందుపాదం పెడితే మోకాలు కాస్త వంగాలి. అంత ఎత్తుకు లేపేసరికి సీటు రాడ్డు మీద ఉండే హద్దు గీత బయటపడిందంటే ఆ సైకిల్ మీకు చిన్నది. అలాగే తొక్కితే రాడ్డు విరగొచ్చు. రాడ్డు అసలు కదలకపోతే లోపల తుప్పుతో పట్టేసిందన్నమాట, దాని జోలికి పోవద్దు.

పిల్లలకు 'ఎలాగూ ఎదుగుతారు' అని పెద్దది కొనకండి, దయచేసి. ఆగాల్సిన క్షణంలో కాలు నేలకు అందదు, వేళ్లు బ్రేకుకు అందవు.

హ్యాండిల్ కింద, గొట్టాలు కలిసే చోట వేలితో తడమండి. పెయింట్ ముడతపడినా, గొట్టం ఉబ్బినా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి వంగినా అది ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి. వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత పగులు కనిపించినా కొనొద్దు.

ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. టకటకమంటే హ్యాండిల్ బేరింగులు వదులయ్యాయి. చక్రాలు తిప్పితే రిమ్ము వంకర తెలిసిపోతుంది. చైను మీద స్కేలు పెట్టండి: ఒక పిన్ను నుంచి, దాన్ని లెక్కలో కలపకుండా, 24వ పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు సాగితే చైను మార్చాలి. 8వ వంతు సాగితే పళ్ల చక్రాలూ అరిగే ఉంటాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

పెడళ్ల ఇరుసు కింద సాధారణంగా ఫ్రేము నంబరు ఉంటుంది. దాన్ని అరగదీసి ఉంటే దొంగ సొత్తు కావచ్చు, వచ్చేయండి.

డబ్బులిచ్చే ముందు ఖాళీ చోట పది నిమిషాలు తొక్కండి. మొదట నెమ్మదిగా వెళ్తూ రెండు బ్రేకులూ పట్టి చూశాకే వేగం పెంచండి.