గ్యారంటీ ఉన్నా హోటల్లో రూమ్ దొరకడం లేదా? లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

హోటల్ లాయల్టీ ప్రోగ్రామ్‌లో (తరచూ బస చేసేవాళ్లకు పాయింట్లు, హోదాలు ఇచ్చే పథకంలో) పై హోదా వచ్చినవాళ్లకు ఒక మాట ఇస్తారు: ఇన్ని గంటల ముందు అడిగితే, హోటల్ నిండిపోయినా రూమ్ ఇస్తామని. హయత్ హోటళ్ల ప్రోగ్రామ్ వరల్డ్ ఆఫ్ హయత్‌లో ఎక్స్‌ప్లోరిస్ట్ హోదా వాళ్లకు 72 గంటలు, గ్లోబలిస్ట్ హోదా వాళ్లకు 48 గంటలు. మారియట్ బాన్వాయ్‌లో టైటానియం వాళ్లకు 48. ఐహెచ్‌జీలో ప్లాటినం వాళ్లకు 72. ప్రోగ్రామ్‌లు ఈ షరతులను మారుస్తూ ఉంటాయి కాబట్టి మీ హోదా పేజీ ఈ రోజు ఏం చెబుతోందో చూసుకుని ముందుకెళ్లండి.

తీరా అవసరం పడ్డప్పుడు చాలామందికి ఈ హామీ అక్కరకు రాదు. హోటల్ వాళ్ల మొండితనం వల్ల కొన్నిసార్లు అలా జరుగుతుంది. కానీ ఎక్కువసార్లు అసలు కారణం, ఈ హామీ దానంతటదే అమలు కాకపోవడం. దాన్ని పేరుపెట్టి అడగాలి, గడువు దాటకముందే అడగాలి, వాళ్లు చెప్పిన ధరకు ఒప్పుకోవాలి, ఇవ్వగల మనిషిని అడగాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా మామూలు కస్టమర్‌కు వచ్చే జవాబే మీకూ వస్తుంది.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ హామీ?

ఫిర్యాదుల్లో సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. నిండిన హోటల్లో కొత్తగా బుకింగ్ ఇచ్చేది ఒక హామీ. బుకింగ్ ఉన్నా డెస్క్ దగ్గర రూమ్ లేదంటే పరిహారం ఇచ్చేది వేరే హామీ. మారియట్‌లో అల్టిమేట్ రిజర్వేషన్ గ్యారంటీ ఈ రెండో రకం. పాయింట్లతో బుక్ చేసుకోవడానికి ‘బ్లాకౌట్ తేదీలు లేవు’ (పాయింట్లు చెల్లవని పక్కన పెట్టిన తేదీలు ఉండవు) అన్నది మూడోది. కోరిన బెడ్ రకం ఇస్తామన్నది నాలుగోది. ఒకదాని పేరు చెప్పి ఇంకోటి అడిగితే ఏజెంట్ ‘మీకు అది వర్తించదు’ అంటారు. మీరు అడిగిన దాని ప్రకారం వాళ్ల జవాబు సరైనదే.

సమస్య: లాగిన్ అయినా యాప్‌లో ‘సోల్డ్ అవుట్’ అని వస్తోంది

కారణం: హామీ కింద ఇచ్చే రూమ్ అమ్మకానికి పెట్టిన జాబితాలో ఉండదు. హోటల్ తన లెక్కకు మించి ఒక బుకింగ్ తీసుకోవడానికి ఒప్పుకుంటేనే అది పుడుతుంది. కొన్ని ప్రోగ్రామ్‌ల సైట్లు హోదా ఉన్నవాళ్లకు ఈ దారిని ఆన్‌లైన్‌లోనే తెరుస్తాయి, మిగతావాటిలో ఫోన్ చేయక తప్పదు. అయితే ఫోన్ ఎత్తే ముందు, హోటల్ నిజంగా నిండిందా లేక మీరు వెతికిన తీరు వల్ల అలా కనిపిస్తోందా తేల్చుకోండి.

1. వెతికేటప్పుడు ఒక రూమ్, ఒక మనిషి అని పెట్టండి. ముగ్గురని పెడితే ఇద్దరికి సరిపోయే రూమ్‌లన్నీ జాబితా నుంచి తప్పుకుంటాయి.
2. కార్పొరేట్ కోడ్, డిస్కౌంట్ కోడ్, పాయింట్ల టిక్ అన్నీ తీసేయండి.
3. మీ బసలో ఒక్కో రాత్రిని విడిగా వెతకండి.
4. తర్వాత అదే తేదీకి ఒక రోజు ముందు నుంచి, ఒక రోజు తర్వాత వరకు కలిపి వెతకండి.

గురువారం నుంచి ఆదివారం దాకా అడిగితే ఏమీ రాలేదనుకుందాం. విడిగా వెతికితే గురు, శుక్ర రాత్రులు దొరికి శనివారం మాత్రమే దొరక్కపోతే, మీకు హామీ కావాల్సింది ఆ ఒక్క రాత్రికే. మిగతా రెండు రాత్రులు మామూలు ధరకు వెంటనే బుక్ చేసేయండి. ఎప్పుడైనా రద్దు చేసుకునే ధరే తీసుకోండి, ఎందుకంటే శనివారం కుదరకపోతే మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు.

శనివారం ఒక్కటే అడిగితే లేదని, శుక్ర–శని కలిపి అడిగితే ఉందని వస్తే హోటల్ నిండలేదు, కనీసం రెండు రాత్రులు ఉండాలనే షరతు పెట్టారు. అక్కడ హామీ పేరు ఎత్తినా లాభం తక్కువ. ఆ షరతు సడలించగలిగేది హోటల్లో ధరలు, బుకింగ్‌ల లెక్క చూసే రెవెన్యూ మేనేజర్, నేరుగా అడగాల్సింది వాళ్లనే. మూడు రాత్రులూ విడివిడిగా దొరికి, కలిపితే దొరక్కపోతే ఒక్కో రాత్రి ఒక్కో రకం రూమ్ మిగిలిందన్నమాట. మూడు బుకింగ్‌లు చేసి, వాటిని ఒకే బసగా కలపమని, వీలైతే రూమ్ మార్చకుండా చూడమని హోటల్‌కు చెప్పండి.

సమస్య: ఫోన్ చేస్తే ‘మాకూ ఖాళీ లేదనే కనిపిస్తోంది’ అంటున్నారు

కారణం: కాల్ సెంటర్ ఏజెంట్ చూసే స్క్రీన్ మీది లాంటిదే. హోటల్‌కు ఫోన్ చేసి అడిగితే తప్ప వాళ్లు ఇవ్వలేరు. హోటల్ ఫ్రంట్ డెస్క్‌కు మీరే చేస్తే, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు లెక్కకు మించి బుకింగ్ తీసుకునే అధికారం సాధారణంగా ఉండదు.

పరిష్కారం: మీ హోదాకు కేటాయించిన నంబర్‌కే చేయండి. హోటల్ ఉన్న ఊళ్లో వారపు పనిరోజు, ఆఫీసు వేళల్లో చేయండి. రెవెన్యూ మేనేజర్, రిజర్వేషన్స్ మేనేజర్ సీట్లో ఉండేది అప్పుడే. మాట ఈ వరసలో చెప్పండి:

‘ఫలానా హోటల్లో ఫలానా తేదీన దిగుతున్నాను. ఒక రాత్రి, ఒక రూమ్, ఉండేది నేనే. నా హోదాకున్న రూమ్ అవైలబిలిటీ గ్యారంటీ కింద బుక్ చేయాలి. స్టాండర్డ్ ధరకు, ఏ రకం రూమ్ అయినా ఒప్పుకుంటున్నాను. హోటల్ రిజర్వేషన్స్ వాళ్లను అడిగి చెప్పండి, నేను లైన్లో ఉంటాను.’

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. ‘ఉండేది నేనే’ అనకపోతే ఇతరుల కోసం చేస్తున్నారని ఆపుతారు. ‘ఒక రూమ్’ అనకపోతే హామీ ఒక్క రూమ్‌కేనని ఆపుతారు. స్టాండర్డ్ ధర అంటే ఏ తగ్గింపూ లేని ధర; దాన్ని, రూమ్ రకాన్ని ముందే ఒప్పుకుంటే ‘మామూలు రూమ్‌లు అయిపోయాయి’ అనే మాటకు చోటుండదు. అయినా రూమ్ లేదని చెబితే కారణం అడిగి, కేస్ నంబర్ తీసుకుని, ఏజెంట్ పేరు, ఫోన్ చేసిన సమయం రాసిపెట్టుకోండి. రెండోసారి వేరే ఏజెంట్‌తో ప్రయత్నించడంలో తప్పేమీ లేదు. ఈ హామీ గురించి అందరు ఏజెంట్లకూ సమానంగా తెలియదు.

హోటల్ ఎందుకు తటపటాయిస్తుందో తెలిస్తే ఎప్పుడు గట్టిగా అడగాలో తెలుస్తుంది. 200 రూమ్‌ల హోటల్ మామూలు రోజున 205 బుకింగ్‌లు తీసుకుందనుకోండి. కొందరు రారు, కొందరు చివర్లో రద్దు చేస్తారు, లెక్క సరిపోతుంది. మీది 206వది అయినా పెద్ద ఇబ్బంది లేదు. అదే ఊళ్లో పెద్ద సమావేశమో క్రీడా పోటీయో ఉంటే ఎవరూ రద్దు చేయరు, బృందాల బుకింగ్‌లకు ముందే డబ్బు కట్టి ఉంటుంది. అప్పుడు మిమ్మల్ని తీసుకోవడమంటే ఇంకొకరిని తన ఖర్చుతో వేరే హోటల్‌కు పంపడమే. ఇలాంటి తేదీలను మినహాయించే వెసులుబాటు చాలా ప్రోగ్రామ్‌ల నిబంధనల్లోనే ఉంటుంది. పైగా చాలా హోటళ్లకు యజమాని వేరు, బోర్డు మీద పేరు వేరు. ఆ రాత్రి నష్టం పడేది యజమాని మీద. కాబట్టి మామూలు వారాంతంలో రూమ్ లేదని చెబితే పట్టు వదలకండి. ఊరంతా నిండిన రోజున లేదని చెబితే వాదన పెంచకుండా పక్క హోటల్‌కు ప్రయత్నించండి.

సమస్య: ‘గడువు దాటిపోయింది’ అన్నారు

కారణం: గంటలు లెక్కించేది హోటల్ ఉన్న చోటి సమయంతో. న్యూయార్క్ హోటల్లో శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు చెకిన్ అయితే, అక్కడి నుంచి 48 గంటలు వెనక్కి లెక్కిస్తే బుధవారం మధ్యాహ్నం 3. లండన్‌లో ఉన్నవాళ్లకు అది రాత్రి 8. అమెరికాలో గడియారాలు మార్చిలో రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో తేడా 5 గంటలు కాదు, 4. అప్పుడు గడువు లండన్‌లో రాత్రి 7కే ముగుస్తుంది.

పరిష్కారం: గడువుకు కనీసం 24 గంటల ముందే ఫోన్ చేయండి. ఏజెంట్ హోటల్‌ను అడిగి తిరిగి చెప్పడానికి సగం రోజు పట్టవచ్చు, మీరు అడిగిన సమయమే లెక్కలోకి వస్తుందన్న భరోసా లేదు. గంటలు దిగే రోజు చెకిన్ వేళ నుంచి లెక్కిస్తారా, ఆ తేదీ మొదలు నుంచా అన్నది నిబంధనల్లో చూడండి. స్పష్టంగా లేకపోతే రెండింటిలో ముందు వచ్చేదే గడువు అనుకోండి.

సమస్య: రూమ్ ఉందన్నారు కానీ ధర రెండింతలు, మూడింతలు చెబుతున్నారు

ఇది లోపం కాదు, హామీ రాసుకున్న తీరే అంత. రూమ్ ఇస్తామన్నారు గానీ తక్కువకు ఇస్తామనలేదు. సభ్యుల ధర, ముందుగా కడితే తగ్గే ధర, కంపెనీ ఒప్పంద ధర ఇక్కడ దొరకవు. ఏజెంట్‌ను రెండే అడగండి: ఈ ధర పేరేంటి, ఎప్పటిదాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు? రద్దుకు వీలుంటే బుక్ చేసి ఉంచండి. దిగే రోజుకు రెండు మూడు రోజుల ముందు బృందాలు వాడని రూమ్‌లు వెనక్కి వస్తుంటాయి; రోజుకు రెండుసార్లు చూస్తే మామూలు ధర కనిపించే అవకాశం ఉంది. కనిపిస్తే ముందు కొత్తది బుక్ చేసి, నిర్ధారణ మెయిల్ వచ్చాకే పాతది రద్దు చేయండి. వరస తారుమారైతే రెండూ పోతాయి.

సమస్య: పాయింట్లతో అడిగితే హామీ పనిచేయడం లేదు

కారణం: ఈ హామీ ఎక్కువగా డబ్బు కట్టే బుకింగ్‌లకే. పాయింట్లకు నియమం వేరు: హయత్‌లో చూస్తే, స్టాండర్డ్ రూమ్ స్టాండర్డ్ ధరకు అమ్మకానికి ఉన్నప్పుడు దాన్ని పాయింట్లతోనూ ఇవ్వాలి. ఇక్కడ చిక్కు స్టాండర్డ్ రూమ్ అంటే ఏది అన్నది. అన్నిటికన్నా కింది రకం రూమ్‌లు తక్కువ పెట్టి, కొంచెం మంచి దృశ్యం ఉన్నవాటికి వేరే పేరు పెట్టే హోటళ్లు ఉన్నాయి.

పరిష్కారం: అదే తేదీలకు డబ్బుతో వెతికి, జాబితాలో అట్టడుగున ఏ రకం రూమ్ ఉందో చూడండి. పాయింట్లు అంగీకరించే రోజుల్లో అదే రకం కనిపిస్తుంటే, ఈ రోజు అది స్టాండర్డ్ ధరకు అమ్ముతున్నారంటే, పాయింట్లకు కూడా ఇవ్వాల్సిందే. రెండు స్క్రీన్‌షాట్లు తీసి కస్టమర్ కేర్‌కు చెప్పండి. పై రకాలే మిగిలితే చేయగలిగేదేమీ లేదు.

సమస్య: ‘ఈ హోటల్‌కు వర్తించదు’ అన్నారు

రిసార్టులు, కాసినో హోటళ్లు, టైమ్‌షేర్ ఆస్తులు (చాలామంది ఏడాదిలో కొన్ని రోజుల వాడకం కొనుక్కున్నవి), భాగస్వామి బ్రాండ్లు మినహాయింపు జాబితాల్లో తరచూ కనిపిస్తాయి. బుకింగ్ ప్రయాణ ఏజెన్సీ సైట్ ద్వారా చేస్తే హోదా ప్రయోజనాలు సాధారణంగా లెక్కలోకి రావు. ఏ నిబంధన ప్రకారమో అడిగి, ఆ వాక్యం మీరే చదివి చూసుకోండి.

సమస్య: బుకింగ్ ఉంది, డెస్క్ దగ్గర రూమ్ లేదంటున్నారు

ఎవరిని వేరే హోటల్‌కు పంపాలో హోటల్ సాయంత్రానికే లెక్క వేసుకుంటుంది. ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఒక్క రాత్రికి వచ్చేవాళ్లు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ముందు వరసలో ఉంటారు. కాబట్టి రాత్రి పొద్దుపోయాక దిగేటట్లయితే, ఆ రోజు మధ్యాహ్నమే హోటల్‌కు ఫోన్ చేసి సమయం చెప్పండి, యాప్‌లో చెకిన్ ఉంటే చేసేయండి. బుకింగ్‌కు ఇచ్చిన కార్డు గడువు తీరిందేమో చూడండి. కార్డు ఆమోదం పొందకపోతే బుకింగ్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

అయినా లేదంటే డ్యూటీ మేనేజర్‌ను పిలిపించండి. వాళ్లు వేరే హోటల్ ఖరారు చేసి, అక్కడ మీ పేరు మీద రూమ్ ఉందని మీ ముందే ఫోన్‌లో నిర్ధారించేదాకా డెస్క్ వదలకండి. ఆ రాత్రి ఖర్చు, ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో, ప్రోగ్రామ్ ప్రకారం పరిహారం ఎంతో, హోదాకు లెక్కించే రాత్రులు మీ ఖాతాలో పడతాయో లేదో రాయించుకోండి. మీది ఎక్కువ రాత్రుల బస అయితే రెండో రోజు వెనక్కి వస్తున్నారా లేదా స్పష్టంగా చెప్పండి. మిగతా రాత్రుల బుకింగ్ రద్దు కాకుండా ఉండాలి. ‘రూమ్ ఇవ్వలేకపోయాం’ అని ఒక కాగితం ముక్కో మెయిలో తీసుకోండి. మీరే విసుగొచ్చి వెళ్లిపోతే, రాలేదని రికార్డయ్యి ఒక రాత్రి డబ్బు కోత పడవచ్చు.

హామీ ఇవ్వకపోతే ఫిర్యాదు ఎలా

హోటల్‌కు కాదు, ప్రోగ్రామ్ కస్టమర్ కేర్‌కు రాయండి. తేదీ, హోటల్, మీ సభ్యత్వ నంబర్, ఫోన్ చేసినప్పుడు మీరున్న చోటి సమయం, హోటల్ చోటి సమయం, కేస్ నంబర్, చెప్పిన కారణం, ఇవి చాలు. ‘లేదు’ అన్న తర్వాత అదే రాత్రికి హోటల్ సైట్‌లో రూమ్ అమ్మకానికి కనిపించి ఉంటే, తేదీ సమయం కనిపించే స్క్రీన్‌షాట్ అన్నిటికన్నా బలమైన ఆధారం. కాబట్టి కాల్ పెట్టేసిన వెంటనే ఒకసారి, ఆ సాయంత్రం ఇంకోసారి వెతికి ఉంచుకోండి. వేరే చోట ఎక్కువ కట్టాల్సి వస్తే ఆ రసీదు జత చేసి, ధర తేడా ఎంతో అంకెల్లో రాసి అంతే అడగండి. అంకె లేని ఫిర్యాదుకు ఎక్కువగా క్షమాపణ, కొన్ని పాయింట్లు మాత్రమే వస్తాయి.