ఇంధన తోట – 4వ పాఠం: మొదటి కోత

కట్టె కోసం పెంచే చెట్ల తోట గురించిన ఈ పాఠాల్లో, కిందటిసారి కలుపు తీయడం దాకా వచ్చాం. ఇప్పుడు కొత్తవాళ్లకు చెయ్యాడని పని: ఏపుగా ఎదిగిన చెట్టును మొదలంటా కొట్టడం.

భయపడొద్దు. చెరకులో కార్శి తోట (కొట్టిన మొదళ్ల నుంచే మళ్లీ లేచే పంట) ఎలాగో, ఇక్కడ మోడు అలాగ. వేళ్లు అప్పటికే లోతుగా దిగి ఉంటాయి కాబట్టి, మోడు నుంచి లేచే పిలక కొత్తగా నాటిన మొక్క కంటే వేగంగా పెరుగుతుంది. చలి దేశాల్లో కట్టె కోసం పెంచే విల్లో చెట్ల తోటల్ని మూడు నాలుగేళ్లకోసారి కోస్తూ 20 ఏళ్లకు పైగా నడుపుతారు. సుబాబుల్, గ్లైరిసిడియా, జామాయిల్ కూడా బాగా చిగురిస్తాయి. సరుగుడు అలా చిగురించదు, నరికితే మళ్లీ నాటుకోవాల్సిందే. జాతుల ఎంపికప్పుడు దాన్ని పక్కన పెట్టమన్నది అందుకే.

ఆకు రాల్చే చెట్టయితే ఆకు రాలాక, కొత్త చిగురు రాకముందే కొట్టాలి. అప్పటికి చెట్టు దాచుకున్న పిండి పదార్థం వేళ్లలో నిండుగా ఉంటుంది. కొత్త పిలకకు అదే ఆహారం. రాలిన ఆకులు నేలకే ఎరువవుతాయి, వాటిని ఊడ్చి తగలబెట్టకండి. ఏడాది పొడవునా ఆకుండే జాతులైతే, చిగురు లేచే సమయానికి నేలలో తడి ఉండేలా చూసుకుని కొట్టండి.

ఇక కోత. నేల నుంచి 10–15 సెంటీమీటర్ల మోడు ఉంచండి. కోసిన ముఖం కాస్త ఏటవాలుగా ఉంటే వాన నీళ్లు నిలవవు, మోడు కుళ్లదు. కత్తి కంటే పదునైన రంపం మేలు. చెట్టు పడే వైపు ముందు చిన్న గాటు పెట్టి, తర్వాత ఎదురు వైపు నుంచి కోయండి. నా మొదటి కోతకు మొండి కత్తి వాడాను. ఒక సుబాబుల్ పడుతూ పడుతూ బెరడును జానెడు చీల్చుకుని పోయింది. నెల తర్వాత చూస్తే ఆ మోడుకు ఒక పక్కంతా పచ్చగా పిలకలు, బెరడు ఊడిన పక్క మాత్రం బోడిగా ఎండిపోయి ఉంది. పిలకలు పుట్టేది బెరడు కింద నిద్రాణంగా ఉండే మొగ్గల నుంచే మరి. బెరడు పోతే అవీ పోతాయి.

పిలకలు గుంపుగా లేస్తాయి. విల్లోలో అలాగే వదిలేయొచ్చు. జామాయిల్‌లో మాత్రం దృఢమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి. మోడు కింది భాగంలో పుట్టినవే ఉంచాలి. పై అంచున పుట్టినవి గాలికి ఊడిపడతాయి.

ఈ వారం అభ్యాసం: కోసిన రోజే ఒక కట్టె ముక్కను తూచి, బరువు దాని మీదే రాయండి. నీడలో గాలి ఆడే చోట పెట్టి వారానికోసారి తూచండి. పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే. అలాంటి కట్టె కిలోకు సుమారు 8 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. తేమ 20 శాతానికి దిగిన కట్టె అయితే కిలోకు 14 దాకా ఇస్తుంది. వచ్చే పాఠం ఆరబెట్టడం గురించే, మీ తూకాల కాగితం దగ్గర పెట్టుకోండి.